కల్లులో కలిసిన మందు, లెక్కకు రాని మహిళ

మత్తుమందులు మగవాళ్ల వ్యవహారమన్నట్టే ఉంటాయి మన లెక్కలు. ఎయిమ్స్ వైద్యులు 2019లో వెలువరించిన జాతీయ సర్వే ప్రకారం గంజాయి, భంగు వాడేవారు మగవాళ్లలో 5 శాతం, ఆడవాళ్లలో 0.6 శాతం. నల్లమందు, హెరాయిన్ కోవలో ఈ తేడా రెట్లలో చూస్తే ఇంకా ఎక్కువ: 4 శాతం, 0.2 శాతం. సంగారెడ్డి జిల్లా సంగతి తెలిసినవారికి ఈ అంకెలతో తృప్తి కలగదు.

పటాన్‌చెరు, బొల్లారం, జిన్నారం, బొంతపల్లి చుట్టుపక్కల మందుల ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీలు బారులు తీరి ఉంటాయి. వాటి చాటున దొంగతనంగా అల్ప్రాజోలం తయారుచేసేవారు ఈ జిల్లాలో పదేపదే పట్టుబడుతున్నారు. నిద్రకూ ఆందోళనకూ డాక్టర్లు రాసే మందు ఇది. మాత్రలో సాధారణంగా ఉండేది పావో అరో మిల్లీగ్రాము. ఆ లెక్కన 100 గ్రాముల పొడి కనీసం రెండు లక్షల మాత్రల పెట్టు. దొంగ సరుకులో చాలా భాగం చేరేది కల్లులోకే. చెట్టు నుంచి దిగే కల్లు చాలదు కాబట్టి నీళ్లు కలుపుతారు, తగ్గిన మత్తును ఈ పొడితో పూరిస్తారు.

తెలంగాణలో కల్లు ఆడవాళ్లకు పరాయిది కాదు. వైన్‌షాపు మెట్లెక్కని మనిషి కూడా పండగనాడో, నాట్లేసి ఒళ్లు పులిసిన సాయంత్రమో ఇంట్లో నలుగురితో కలిసి తాగుతుంది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మద్యం తాగే మహిళలు దేశంలో 1.3 శాతమైతే తెలంగాణలో 6.7 శాతం. మత్తుమందు వాడతావా అని అడిగితే ఆమె లేదనే చెబుతుంది. అది అబద్ధం కాదు, సీసాలో ఏం కలిపారో ఆమెకు తెలియదు.

మద్యమూ అల్ప్రాజోలమూ మెదడులో గాబా అనే ఒకే బ్రేకును తొక్కుతాయి. రెండూ కలిస్తే ఊపిరి కూడా మందగించవచ్చు. ఆడవాళ్ల ఒంట్లో నీటి వాటా తక్కువ కాబట్టి అదే సీసా తాగినా రక్తంలో ఆల్కహాలు ఎక్కువగా చేరుతుంది. జోల్పిడెం అనే మరో నిద్రమందు మహిళల శరీరం నుంచి నెమ్మదిగా పోతుందని తేలాక అమెరికా ఔషధ సంస్థ 2013లో వారికి మోతాదును సగానికి తగ్గించింది. కల్లులో పొడి కలిపేవాడికి మోతాదూ లేదు, మనిషీ లేదు.

2015లో కల్తీ మీద దాడులు జరిగి మందు కల్లు ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్, ఉమ్మడి మెదక్ పల్లెల్లో జనం ఫిట్స్‌తో, భ్రమలతో ఆసుపత్రులకు చేరారు. ఏళ్లుగా తొక్కిన బ్రేకును ఒక్కసారి వదిలేస్తే జరిగేది అదే. ఈ అలవాటును వైద్యుల కనుసన్నల్లో కొద్దికొద్దిగా మాన్పించాలి. మానితేనే కాదు, తాగినా ముప్పే: 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి చనిపోయినవారిలోనూ మహిళలున్నారు.

ప్రపంచంలో డ్రగ్స్ వాడేవారిలో ముగ్గురికొకరు మహిళ, చికిత్సలో మాత్రం ఐదుగురికొకరేనని ఐక్యరాజ్యసమితి 2018లో చెప్పింది. మన జిల్లాలో ఆ దూరం తగ్గాలంటే ఫిట్స్‌తో వచ్చిన ప్రతి మహిళనూ డాక్టరు ముందుగా అడగాల్సింది: అమ్మా, కల్లు తాగుతావా, ఎప్పుడు మానేశావు?