పాత ఉపగ్రహ చిత్రాలు టేపులోకి ఎందుకు, ఎలా చేరతాయి?

1988లో ప్రయోగించిన ఐఆర్‌ఎస్‌-1ఎ మొదలుకొని మన దూర సంవేదన ఉపగ్రహాలు పంపే చిత్రాలను జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రానికి షాద్‌నగర్‌లో ఉన్న భూకేంద్రం అందుకుంటోంది. జమ్మికుంట చుట్టుపక్కల పత్తి చేలు కూడా వాటిలో ఉంటాయి.

ఇంతటి సమాచారాన్ని పూర్తిగా డిస్కుల్లోనే ఎందుకు ఉంచరు? డిస్కు అడిగిన ఫైలును క్షణాల్లో అందిస్తుంది గాని, నిరంతరం విద్యుత్తును కోరుతుంది. అయస్కాంత టేపు నెమ్మదిగా పనిచేసినా, అరలో ఉన్నంతకాలం దానికి విద్యుత్తు అక్కరలేదు, పైగా ఒక్క ఎల్‌టీవో-9 టేపులోనే 18 టెరాబైట్లు పడతాయి. ఈ రెండింటినీ అంచెలుగా కలిపి వాడడమే శ్రేణీకృత నిల్వ.

ఇది ఎలా సాగుతుంది? చాలాకాలంగా ఎవరూ తెరవని ఫైలును సాఫ్ట్‌వేర్ టేపు మీదికి నకలు చేయడాన్ని మైగ్రేషన్, అంటే తరలింపు అంటారు. అప్పటికి డిస్కులోని ఫైలు అలాగే ఉంటుంది. డిస్కు, ఉదాహరణకు, 90 శాతం నిండగానే, నకలున్న పాత ఫైళ్లలోని సమాచారాన్ని 75 శాతానికి దిగేవరకు డిస్కు నుంచి తొలగించడమే పర్జింగ్. ఫైలు పేరు, టేపులో దాని చోటు తెలిపే గుర్తు మాత్రం డిస్కులో మిగులుతాయి కనుక, పదేళ్ల కిందటి పత్తి చేల చిత్రాన్ని పరిశోధకులు కోరినప్పుడు, యంత్రహస్తం ఆ టేపును తీసి డ్రైవ్‌లో పెట్టగా, ఫైలు తిరిగి డిస్కుకు చేరుతుంది.

టేపులోని నకలును సరిచూడకుండా ఏ ఫైలునూ పర్జ్ చేయకూడదు. ఎందుకంటే గడిచిపోయిన పంటకాలాన్ని ఏ ఉపగ్రహమూ మళ్లీ చిత్రించలేదు.