మొదటి ఓటు ఎక్కడ పోయింది?

శింగనమల ఎస్సీ రిజర్వుడు శాసనసభా స్థానం. నార్పల, గార్లదిన్నె, పుట్లూరు, యల్లనూరు, బుక్కరాయసముద్రం, శింగనమల మండలాలు దీని కిందికి వస్తాయి. నిలబడేవాళ్లు ఎస్సీలే కావాలి, ఓటు మాత్రం అన్ని కులాలదీ. ఇంతవరకు అందరికీ తెలిసిందే. మరి నిలబడే ఆ ఎస్సీ ఎవరన్నది తేల్చేదెవరు? ఏ మాదిగగేరిలో అడిగినా 'పార్టీ యెవురికి టికెట్టిస్తే వాళ్లేప్పా, మమ్మల్ని అడిగేదెవురు?' అనే మాటే వినబడుతుంది.

ఒకప్పుడు అడిగి తీరాలని చట్టమే ఉండేది. అనంతపురం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల సంగతి ఇది. పూనా ఒప్పందం గురించి మనం ఎంతో వాదించుకున్నాం గానీ, అందులోని ప్రాథమిక ఎన్నిక గురించి మాట్లాడుకున్నది తక్కువ.

1932 ఆగస్టులో బ్రిటిష్ ప్రధాని రామ్సే మెక్‌డొనాల్డ్ ప్రకటించిన కమ్యూనల్ అవార్డు అస్పృశ్యులకు రెండు ఓట్లిచ్చింది. ఒకటి తమ ప్రతినిధిని తామే ఎన్నుకోడానికి, రెండోది అందరితో కలిసి జనరల్ అభ్యర్థికి వేయడానికి. గాంధీ యెరవాడ జైల్లో నిరాహారదీక్షకు కూర్చున్నాడు. సెప్టెంబరు 24న ఒప్పందం మీద సంతకాలు పడ్డాయి. రాష్ట్రాల శాసనసభల్లో సీట్లు 71 నుంచి 148కి పెరిగాయి, మద్రాసు వంతుకు 30 వచ్చాయి. ప్రత్యేక నియోజకవర్గం పోయింది. దానికి బదులుగా చేతిలో పెట్టిందే ఈ ప్రాథమిక ఎన్నిక.

అది నడిచే తీరు ఇది. రిజర్వుడు సీటున్న చోట ముందు జాబితాలోని అస్పృశ్య ఓటర్లు మాత్రమే ఓటేస్తారు, మనిషికి ఒక్క ఓటు. ఎక్కువ ఓట్లొచ్చిన నలుగురు ఒక ప్యానెల్ అవుతారు. రెండో దశలో, అంటే అసలు ఎన్నికలో, ఆ నలుగురే అభ్యర్థులు. అప్పుడు అన్ని కులాల ఓటర్లూ కలిసి వాళ్లలో ఒకరిని గెలిపిస్తారు. గేరి కాదన్నవాణ్ని పెద్దింటివాళ్లు తెచ్చి నిలబెట్టకుండా చూడడం దీని ఉద్దేశం.

ఆచరణలో 'నలుగురు' అన్న అంకె దగ్గరే దెబ్బతిన్నాం. మొదటి దశలో నూటికి డెబ్బై ఓట్లు తెచ్చుకున్నవాడూ, అయిదు ఓట్లతో నాలుగోవాడుగా దూరినవాడూ రెండో దశకు వచ్చేసరికి సమానం. అగ్రకుల ఓట్లు ఆ నాలుగోవాడి పెట్టెలో పడితే సీటు అతనిదే. పోటీదారులు నలుగురికి మించకపోతే ప్రాథమిక ఎన్నికే జరగదు. జరిగితే పేదవాడు రెండుసార్లు ఖర్చు పెట్టుకోవాలి. ఇంతకీ ఓటు ఆస్తి, పన్ను, చదువు వంటివి ఉన్నవాళ్లకే. మెట్టచేలల్లో కూలికి పోయే మాల మాదిగల్లో అత్యధికుల పేర్లు జాబితాలోనే లేవు.

1937, 1946 ఎన్నికలు ఈ పద్ధతిలోనే జరిగాయి. 1946లో ప్రాథమిక దశలో ముందున్న షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ అభ్యర్థులు అసలు ఎన్నికలో ఓడిపోవడాన్ని అంబేద్కర్ లెక్కలతో చూపించాడు. 1947లో 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో ప్రత్యేక నియోజకవర్గాలను మళ్లీ అడిగాడు. రాజ్యాంగంలో సీట్ల రిజర్వేషన్ మిగిలింది. ప్రత్యేక నియోజకవర్గానికీ, ప్రాథమిక ఎన్నికకూ చోటు దొరకలేదు.

కొన్నాళ్లు ద్విసభ్య నియోజకవర్గాలుండేవి. 1957లో మన పార్వతీపురం లోక్‌సభ స్థానంలో రిజర్వుడు సీటుకు నిలబడ్డ గిరిజనుడు డిప్పల సూరిదొర, ఎక్కువ ఓట్లతో జనరల్ సీటునే గెలుచుకున్నాడు. ఓడిన వి.వి. గిరి సుప్రీంకోర్టు దాకా పోయినా 1959లో సూరిదొర గెలుపే నిలిచింది. 1961లో ద్విసభ్య పద్ధతిని చట్టం చేసి ఎత్తేశారు. ఈ రెండింటికీ సంబంధం లేదంటే నమ్మడం నాకు కష్టం.

నిజానికి మొదటి దశ ఇప్పటికీ ఉంది, బి-ఫారం రూపంలో. పార్టీ నాయకుడు సంతకం చేసి ఎవరి పేరు రాస్తే వాళ్లకే గుర్తు. ఆ పేరు ఎలా తేల్చాలో 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం చెప్పదు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో పార్టీ అభ్యర్థిని తేల్చే ప్రాథమిక ఎన్నికను ప్రభుత్వ యంత్రాంగమే జరుపుతుంది. ఓటర్లే పోయి తేలుస్తారు. కొన్ని రాష్ట్రాల్లో పార్టీ పేరుతో నమోదైనవాళ్లకే ఆ హక్కు, కొన్నిట్లో అందరికీ. అక్కడా డబ్బు నడుస్తుంది, కాదనను. కానీ ఓటరును అడగకుండా పేరు ఖాయం కాదు.

ఇండిపెండెంటుగా నిలబడొచ్చు కదా అంటారు. పదిమంది ప్రతిపాదకులు, ఎస్సీకి 5,000 రూపాయల డిపాజిట్టు, అంతే. నిలబడడం కష్టం కాదు. 2011 లెక్కల్లో అనంతపురం జిల్లాలో ఎస్సీలు నూటికి పద్నాలుగు మంది. గుర్తింపు ఉన్న పార్టీ గుర్తు లేకుండా మిగతా ఓట్లు రాబట్టడమే కష్టం. పైగా మొన్న 2024లో పోలింగు మే 13న. కరువు సీమలో ఎండాకాలం సగం గేరి బెంగుళూరు పనుల్లో ఉంటుంది. ఛార్జీలిచ్చి బస్సెక్కించేవాడికే ఆ ఓటు దగ్గరవుతుంది.

నలుగురి ప్యానెల్‌ను మళ్లీ తెమ్మని నేను అనడం లేదు. తెచ్చినా మాల మాదిగల మధ్య లెక్క తేలాలి. వర్గీకరణ చదువులకూ ఉద్యోగాలకూ వచ్చిందిగానీ టికెట్ల పంపకం పార్టీ ఆఫీసుల్లోనే ఉంది. విద్యార్థులు ఒక పని చేయొచ్చు. తమ నియోజకవర్గంలో గత మూడు ఎన్నికల్లో ఎస్సీ అభ్యర్థి పేరు ఎవరింట్లో, ఎవరి ముందర ఖాయమైందో ఊరూరా అడిగి రాసుకురండి. నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం 3 గంటల దాకా బి-ఫారంలో పేరు మార్చే వీలుంది. అలా మారిన చోట ఎవరి మాట మీద మారిందో కూడా అడగండి.