కాలమ్‌లు బిగించకండి – స్టైల్‌షీటు సంగతి

బ్యాంకు లెడ్జర్లలో కాలమ్‌లు అచ్చులోనే వచ్చేవి. వెడల్పు మార్చడం మన చేతిలో లేదు. రిటైరయ్యాక వెబ్ పేజీలు నేర్చుకున్న నేను ఆ అలవాటుతోనే స్కాలర్‌షిప్పుల వివరాలను మూడు కాలమ్‌లుగా, ఒక్కొక్కటి 300 పిక్సెళ్లకు బిగించాను. ఫోనులో చూసిన ఒక తల్లికి మూడో కాలమ్ కనబడలేదు. ఆఖరు తేదీ అందులోనే ఉంది. దరఖాస్తు రెండు రోజులు ఆలస్యమైంది. ఆ పిల్లవాడు మరుసటి ఏడు దాకా ఆగవలసి వచ్చింది. తప్పు నాదే.

విద్యార్థులు గమనించవలసినది ఇది. పేజీలోని విషయం హెచ్‌టీఎమ్‌ఎల్‌లో, దాని రూపం సీఎస్‌ఎస్ స్టైల్‌షీటులో ఉంటాయి. సీఎస్‌ఎస్ తొలి ప్రమాణం 1996లో వచ్చింది. కాలమ్‌ల కోసం చాలాకాలం టేబుళ్లు, ఫ్లోట్‌లు వాడేవారు. 2017లో ప్రధాన బ్రౌజర్లకు గ్రిడ్ పద్ధతి వచ్చింది.

గ్రిడ్‌లో కాలమ్‌లెన్నో మనం చెప్పనక్కరలేదు. రిపీట్‌లో ఆటో-ఫిట్ అని, మిన్‌మాక్స్‌లో కనిష్ఠం 250 పిక్సెళ్లు, గరిష్ఠం 1 ఎఫ్‌ఆర్ అని రాస్తే చాలు. ఎఫ్‌ఆర్ అంటే మిగిలిన చోటులో ఒక వాటా. మధ్యలో ఖాళీ వదలకపోతే 800 పిక్సెళ్ల తెరపై మూడు కాలమ్‌లు, 360 పిక్సెళ్ల ఫోనులో ఒకటే వస్తుంది. మిగతావి దాని కిందికి చేరతాయి.

ఈ నియమానికి ఒక క్లాసు పేరు పెట్టి, విడి ఫైలులో ఉంచి, ప్రతి పేజీ నుంచీ లింకు ఇవ్వండి. రబ్బరు స్టాంపు మార్చినా పాత ముద్రలు మారవు. ఇక్కడ ఒక్క ఫైలు మారిస్తే పేజీలన్నీ మారతాయి.

పని ముగించే ముందు ఇంట్లోని అతి చిన్న ఫోనులో పేజీ తెరిచి, అమ్మకు చూపించండి. ఆఖరు తేదీ ఆమెకు కనబడాలి.