కాదనుటయు మర్యాదయే

తెలుగింట బియ్యము లేవని ఇల్లాలు అనదు, ‘నిండుకొన్నవి’ అనును. దీపము ఆరినదనదు, ‘కొండెక్కినది’ అనును. అతిథియు ‘పోవుచున్నాను’ అనక, ‘వెళ్ళివచ్చెదను’ అని సెలవు తీసికొనును. ‘లేదు’ అను మాటను గడప తొక్కనీయని ఈ సౌకుమార్యము మన భాషకు అలంకారమే. కాని కాలము విషయమున ఇదియే మొగమాటమై మనలను బాధించుచున్నది.

బడి విడిచిన పిదప ఉపాధ్యాయునికి మిగులునది రెండు మూడు గంటల పొద్దు. అందులోనే మరునాటి పాఠము చూచుకొనవలెను, వ్రాతపుస్తకములు దిద్దవలెను. ఆ వేళకే ఒకరు సన్మానపత్రము వ్రాసిపెట్టుమందురు. ఒకరు సభకు అధ్యక్షత వహింపుమందురు. వేరొకరు తమ పిల్లవానికి నాలుగు పద్యములు చెప్పుమందురు. ఏదియు చెడ్డపని కాదు. అందుచేతనే కాదనుట కష్టము. ఆయన ‘చూతము లెండి’ అనును. అడిగినవారు దానిని అంగీకారముగా గ్రహింతురు. తుదకు పత్రము సభనాటికి అందదు. పుస్తకములు దిద్దుటయు సాగదు. తాము చేసిన తప్పేదో తెలియకయే తరగతిలోని పిల్లలకు వారము గడచిపోవును. ఆ మొగమాటమునకు మూల్యము చెల్లించినవారు, ఆయనను ఏమియు అడుగని ఆ పిల్లలే.

‘చూతము’ నిరాకరణము కాదు, వాయిదా. మన భాష ఇంతకంటె స్పష్టమైన మార్గములను చూపినది. ‘చేయను’ అన్న ఒక్క పదములో కర్త, క్రియ, నిరాకరణము మూడును ఇమిడియున్నవి. అది ఇచ్ఛను తెలుపును. ‘చేయలేను’ అశక్తిని తెలుపును. ‘చేయగూడదు’ ధర్మమును తెలుపును. వీనిలో ఏది నిజమో ఎరిగి దానినే పలుకవలెను. పరీక్షల ముందు సినిమాకు పిలిచిన మిత్రునితో, చదువుకొనవలెనని చెప్పుటకు జంకి తలనొప్పి యని చెప్పిన విద్యార్థికి, మరునాడు మరియొక సాకు వెదకికొనవలసివచ్చును.

1952 నవంబరులో ఇజ్రాయెల్ తొలి అధ్యక్షుడు వైజ్‌మన్ మరణించిన పిదప, ఆ పదవిని స్వీకరింపుమని ఐన్‌స్టీన్‌ను ఆ ప్రభుత్వము కోరినది. ఆ ఆహ్వానము తన హృదయమును కదలించినదనియు, అంగీకరింపలేకపోవుట తనకు విచారకరమనియు ఆయన ప్రత్యుత్తరము వ్రాసెను. మనుష్యులతో వ్యవహరించు నేర్పుగాని, అధికార నిర్వహణానుభవముగాని తనకు లేవని కారణము తెలిపెను. ఆలోచించి చెప్పెదనని ఆశ కల్పింపలేదు. కృతజ్ఞత, విచారము, కారణము, స్పష్టత: మర్యాదగల నిరాకరణమునకు ఈ నాలుగే అంగములు.

ఉపాధ్యాయుని కాలము విద్యార్థుల సొత్తని చట్టమును గుర్తించినది. జనాభా లెక్కలు, విపత్తు సహాయము, ఎన్నికల విధులు తప్ప విద్యేతర కార్యములకు ఉపాధ్యాయులను నియోగింపరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టము 27వ సెక్షను శాసించుచున్నది. ప్రభుత్వమునకే హద్దు ఏర్పడియున్నప్పుడు, ఇరుగుపొరుగువారికి హద్దు తెలుపుట అపరాధమెట్లగును?

‘అయ్యా, నన్ను తలచి అడిగినందుకు సంతోషము. ఈ నెల పిల్లల పుస్తకములు దిద్దవలసియున్నది. ఈ పని ఒప్పుకొనలేను’ అన్నచో చాలును. అడిగినవారు ఒక్క క్షణము చిన్నబుచ్చుకొనవచ్చును. కాని వెంటనే వినిన ‘కాదు’ మరియొకరిని వెదకికొనుటకు వారికి వ్యవధినిచ్చును. సభనాడు తెలిసిన ‘కాదు’ ఆ వ్యవధిని కూడ హరించును.