మీకు తెలుసా? గవర్నర్‌ను మనమే ఎన్నుకోవాల్సింది!

గవర్నర్‌ను కూడా ప్రజలే ఓటేసి ఎన్నుకోవాలని 1947లో రాజ్యాంగ సభ అనుకుంది. ఒకే రాష్ట్రంలో ప్రజలు గెలిపించిన ముఖ్యమంత్రి, ప్రజలు గెలిపించిన గవర్నర్ ఉంటే ఇద్దరికీ పడదన్న భయంతో 1949లో ఆ ఆలోచన మానుకుంది. నియమించే అధికారం రాష్ట్రపతికి దక్కింది. గవర్నర్ కావడానికి భారత పౌరులై, వయసు 35 నిండితే చాలు, చదువు నిబంధనేమీ లేదు.

స్వతంత్ర భారతంలో తొలి మహిళా గవర్నర్ మన హైదరాబాద్‌లో పుట్టిన సరోజినీ నాయుడు. 1947 ఆగస్టు 15న నేటి ఉత్తరప్రదేశ్‌కు గవర్నరై, 1949 మార్చిలో పదవిలో ఉండగానే లక్నోలో కన్నుమూశారు. కూతురు పద్మజా నాయుడు తర్వాత పశ్చిమ బెంగాల్ గవర్నర్ అయ్యారు.

మనవాళ్లు మరిచిపోలేనిది మాత్రం 1984 ఆగస్టు 16. అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి ఎన్టీఆర్ అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని అప్పుడే తిరిగొచ్చారు. గవర్నర్ రాంలాల్ ఆయన్ను తొలగించి, నాదెండ్ల భాస్కరరావు చేత ముఖ్యమంత్రిగా ప్రమాణం చేయించారు. సభలో బలం చూడకుండానే! అది ముమ్మాటికీ అన్యాయం. జనం రోడ్లెక్కారు. ఎన్టీఆర్ చక్రాల కుర్చీలో ఢిల్లీ వెళ్లి, ఎమ్మెల్యేలను రాష్ట్రపతి ముందు నిలబెట్టారు. రాంలాల్ దిగిపోయారు, శంకర్ దయాళ్ శర్మ వచ్చారు. సరిగ్గా నెలకు, సెప్టెంబరు 16న, ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు.

ముఖ్యమంత్రికి మెజారిటీ ఉందో లేదో తేలాల్సింది గవర్నర్ దగ్గర కాదు, సభలోనేనని 1994లో కర్ణాటక మాజీ ముఖ్యమంత్రి బొమ్మై కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.