ఒకే కొలతకు మూడు పేర్లు

ముందుగా ఈ పేరా ఒక్కసారి చదవండి.

"మొదట నేలను సిద్ధం చేసుకోవాలి. లెక్క తప్పితే మొత్తం చెడుతుంది. వేళ్ల మధ్య నుంచి జారేది ఒకే ధారగా పడాలి. చేయి ఆగితే లావవుతుంది. వెనక్కి జరుగుతూ పని చేయడం అలవాటు చేసుకోవాలి. ఇంత కష్టపడినా సాయంత్రానికి అది మిగలదు. మర్నాడు మళ్లీ మొదలు."

ఇందులో మీకు తెలియని మాట ఒక్కటీ లేదు. అయినా ఏమీ బోధపడలేదు కదూ? ఇప్పుడు దీనికి 'ముగ్గు' అని శీర్షిక పెట్టి మళ్లీ చదవండి. ప్రతి వాక్యమూ దాని చోట అది కూర్చుంటుంది!

1972లో బ్రాన్స్‌ఫర్డ్, జాన్సన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఇలాంటి ప్రయోగమే చేశారు. బట్టలుతకడం గురించిన ఒక పేరాను, విషయమేమిటో చెప్పకుండా కొందరికి వినిపించారు. అందులోని 18 అంశాలలో వారికి సుమారు 3 మాత్రమే గుర్తున్నాయి. విషయం ముందే తెలిసినవారికి దాదాపు 6 గుర్తున్నాయి. విన్న తరువాత విషయం చెబితే లాభం లేకపోయింది. అంటే, చదవడం కంటి పని మాత్రమే కాదు. వచ్చే మాటలను అమర్చుకోవడానికి మెదడులో ముందే ఒక చోటు సిద్ధంగా ఉండాలి.

అలంకారాల పేర్లు ఎందుకు?

తెలుగు క్లాసులో నేర్చుకునే పారిభాషిక పదాలు చేసే పని కూడా ఇదే. "సాయంత్రం వేళ నారాయణగూడ చౌరస్తా తేనెపట్టులా హోరెత్తుతోంది" అన్నామనుకోండి. ఇది ఉపమ అని తెలియగానే మనం నాలుగు వస్తువుల కోసం వెతుకుతాం. చౌరస్తా ఉపమేయం. తేనెపట్టు ఉపమానం. హోరెత్తడం సమానధర్మం. 'లా' ఉపమావాచకం. "చౌరస్తా అనే తేనెపట్టు" అంటే రెంటికీ భేదం లేదన్నట్టే, అది రూపకం. "నగరంలోని తేనెటీగలన్నీ ఇక్కడే వాలాయేమో!" అని ఊహిస్తే ఉత్ప్రేక్ష. చౌరస్తా ఒక్కటే, చూసే తీరు మూడు విధాలు.

మాటల పుట్టుక చూస్తే ఇంకా తమాషాగా ఉంటుంది. 'ఉప' అంటే దగ్గర, 'మా' అంటే కొలవడం. ఒక వస్తువు పక్కన మరొకటి పెట్టి కొలిచేది ఉపమ!

నారాయణగూడ చెప్పే కథ

నిజాం సంస్థానంలో ఉన్నత విద్య చాలావరకు ఉర్దూలో సాగేది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనా భాష కూడా ఉర్దూయే. ఇంట్లో తెలుగు మాట్లాడే ఆడపిల్లలు తెలుగులోనే పై చదువులు చదవాలని మాడపాటి హనుమంతరావు గారు పూనుకున్నారు. అలా 1928లో మొదలైన బాలికల పాఠశాల నారాయణగూడలో ఆయన పేరుతోనే ఉంది. తెలుగు మాధ్యమానికి ఇక్కడ గుర్తింపు దొరకక, కార్వే పండితుడు 1916లో పూనాలో స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయానికి దానిని అనుబంధించారు. సొంత భాషలో పరీక్ష రాయడానికి అంత దూరపు విశ్వవిద్యాలయాన్ని ఆశ్రయించవలసి వచ్చిందన్నమాట! 1968లో తెలుగు అకాడమి ఏర్పడిన తరువాత తెలుగులో శాస్త్రాలు చదివేవారి కోసం పారిభాషిక పదకోశాలు వెలువడ్డాయి.

ఉర్దూలో ఉపమను తష్బీహ్ అంటారు. పోల్చడం అని అర్థం. ఇస్తిఆరా అనే మరో అలంకారం ఉంది. అంటే అరువు తెచ్చుకోవడం. ఇంగ్లీషు సిమిలీకి మూలమైన లాటిన్ మాటకు 'పోలినది' అని అర్థం. మెటఫర్ గ్రీకు మాట. ఒకచోటి నుంచి మరోచోటికి మోసుకుపోవడం. ఇవన్నీ ఒకదానికొకటి అచ్చంగా సరిపోవు. మెటఫర్ పరిధి మన రూపకం కంటే వెడల్పు. కాని ఉపమ, తష్బీహ్, సిమిలీ మూడూ చూపించేది ఒకే పనిని. ఇంగ్లీషు పీరియడ్‌లో సిమిలీ, తెలుగు పీరియడ్‌లో ఉపమ వేర్వేరుగా బట్టీపట్టే విద్యార్థి ఒకే పాఠాన్ని రెండుసార్లు మోస్తున్నాడు!

జవాబు వచ్చినా అర్థమైనట్టేనా?

మళ్లీ ముగ్గు దగ్గరకు వద్దాం. శీర్షిక లేకుండా ఆ పేరా ఇచ్చి, "చేయి ఆగితే ఏమవుతుంది?" అని అడిగితే ఎవరైనా "లావవుతుంది" అని రాస్తారు. పూర్తి మార్కులు పడతాయి. అర్థమైంది మాత్రం సున్నా! ఇది వాచ్యార్థపు ప్రశ్న; జవాబు వాక్యంలోనే ఉంది. "వెనక్కి ఎందుకు జరగాలి?" అని అడగండి. వేసిన ముగ్గును తొక్కకుండా ఉండటానికి అని పేరాలో ఎక్కడా లేదు. చదివినదానికి తెలిసినదాన్ని కలిపి మనమే చెప్పాలి. దీన్ని సూచితార్థం అనవచ్చు. "మొత్తం మీద ఏం చెప్పారు?" అంటే సారాంశం. ప్రశ్న ఏ జాతిదో తెలిస్తే జవాబు ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

పేరు తెలిసి వస్తువు తెలియకపోతే అది ఖాళీ డబ్బాకు అంటించిన చీటీ లాంటిది. (ఈ వాక్యంలో ఏ అలంకారం ఉందో చెప్పగలరా?)

మీరూ చేసి చూడండి. గాలిపటం ఎగరేయడమో, సైకిలు పంక్చరు వేయడమో, పేరు చెప్పకుండా ఆరు వాక్యాల్లో రాయండి. క్లాసులో సగం మందికి శీర్షికతో, సగం మందికి శీర్షిక లేకుండా చదివి వినిపించండి. తరువాత ఎవరికి ఎన్ని వాక్యాలు గుర్తున్నాయో లెక్కపెట్టండి. ఫలితాన్ని మీ తెలుగు మాస్టారికీ సైన్సు మాస్టారికీ ఇద్దరికీ చూపించండి!