ఇంటిపేరు లేని పిల్లలు

కొత్తవాళ్ళు ఇద్దరు కలుసుకుంటే ముందు ఊరు, తరవాత ఇంటిపేరు అడగడం మన తెలుగువాళ్ళ అలవాటు. ఫలానా అనగానే, "అయితే ఫలానావారు మీకేమవుతారు?" అంటూ బంధుత్వం కలిపేదాకా వూరుకోరు. రైల్లో మూడు స్టేషన్లు దాటేలోగా వేలువిడిచిన మేనమామ ఒకడు బయటపడతాడు. ముచ్చటైన అలవాటే! కాని ఇంటిపేరు అనే మాటలోనే ఇల్లు వుంది గదా, ఆ ఇల్లే లేని పిల్లలు ఏం జవాబు చెబుతారో ఎప్పుడైనా ఆలోచించారా?

ఆలోచించక తప్పని చోట నేను పెరిగాను. కృష్ణాజిల్లాలో ఒక చిన్న పట్నంలో, దాతల సొమ్ముతో నడిచే బాలికల అనాథాశ్రమంలో 1983 నుంచి పదిహేనేళ్ళు వున్నాను. చేరేటప్పటికి నాకు మూడేళ్ళుంటాయని ఎవరో అంచనా కట్టి, 1980 జూలై 1వ తేదీని పుట్టినరోజుగా రిజిస్టరులో వేశారు. తేదీ తెలియని పిల్లలకు లెక్కకు అనువుగా ఆ రోజుల్లో ఇటువంటివే వేసేవారు. మా ఆశ్రమంలో పదకొండుమందిమి జూలై ఒకటినే పుట్టాము! "ఏమర్రా, మీరంతా ఒక కాన్పు వాళ్ళా?" అని బళ్ళో లెక్కల మేష్టారు నవ్వేవారు. మేమూ నవ్వేవాళ్ళం.

అనాథాశ్రమమనగానే ఆకలీ దెబ్బలూ ఊహించుకుంటారు చాలామంది. కొన్నిచోట్ల అవీ వుండేవి, కాదనను. మాకు మాత్రం అన్నానికి లోటు రాలేదు. పొద్దున గోధుమరవ్వ ఉప్మా, మధ్యాహ్నం పప్పు అన్నం, రాత్రి మజ్జిగ అన్నం, ఆదివారం కోడిగుడ్డు. కంచానికీ గ్లాసుకూ రేకుపెట్టెకూ దుప్పటికీ అన్నిటికీ నంబర్లు. నాది 27. గంట కొడితే లేవాలి, గంట కొడితే స్నానం, గంట కొడితే చదువు. నలభైమంది ఆడపిల్లలకు ఒక మేట్రనమ్మగారు, ఇద్దరు ఆయాలు. గంటా నంబరూ లేనిదే ఆ ముగ్గురివల్ల అయ్యే పని కాదు.

మాలో పెద్దపిల్లలు కొందరు 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో ఇంటిల్లిపాదినీ పోగొట్టుకున్నవారు. గాలివాన పట్టిన రాత్రుళ్ళు వాళ్ళు చాపలు దగ్గరగా లాక్కుని, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని పడుకునేవారు. ఎందుకని మేమెవ్వరం అడగలేదు.

మరికొందరికి తల్లులున్నారు. నాలుగిళ్ళలో పాచిపని చేస్తూ, పిల్లకు ఇంత ముద్ద పెట్టలేక అప్పగించిపోయిన తల్లులు. అందులో ఒకావిడ నెలకొక ఆదివారం వచ్చేది. కూతురికి తల దువ్వి జడ వేశాక, వెనక వరసకట్టి నిలబడ్డ మాకందరికీ కూడా వేసేది. చీకటి పడుతున్నా విసుక్కునేది కాదు. అనాథలనే పేరేగాని, ఆశ్రమాల్లో తల్లో తండ్రో వున్న పిల్లలు ఇప్పటికీ ఎందరో. వాళ్ళను ఇల్లు విడిపించినది చావు కాదు, లేమి.

ఇక ఊరూ పేరూ ఏదీ తెలియనివాళ్ళం అయిదారుగురం. బడి రిజిస్టరులో ఇంటిపేరు గడి ఖాళీగా వుండరాదు గనుక, ఆశ్రమం పేరులోని మొదటి అక్షరమే మాకు ఇంటిపేరయింది. ఒకసారి గుళ్ళో అర్చకులు గోత్రం అడిగితే మేము మొహాలు చూసుకున్నాము. "ఫరవాలేదమ్మా, కాశ్యపస గోత్రం చెప్పుకోండి" అన్నారాయన. గోత్రం తెలియనివారికి అలా చెప్పే ఆచారం వుంది. సకల ప్రాణులూ కశ్యప ప్రజాపతి సంతానమేనట! దేవుడి దగ్గర మాకు చోటు దొరికింది, దరఖాస్తు ఫారాల్లోనే దొరకలేదు.

ఊళ్ళో పెద్దవారి పిల్లల పుట్టినరోజులు మా ఆశ్రమంలో జరిగేవి. మేము వరసగా కూర్చుని పాట పాడితే, కొత్త చొక్కా వేసుకున్న పిల్లవాడు తలకొక లడ్డూ పెట్టేవాడు. లడ్డూ తియ్యగానే వుండేది. ఊళ్ళోవాళ్ళ పిల్లలు ఎవరెప్పుడు పుట్టారో మాకు కంఠతా వచ్చు. మా పేర్లు మాత్రం అడిగినవారు తక్కువ.

ఆ లోటు తీర్చినది మా పెద్ద ఆయా. ఆమెకు చదువు రాదు. అయినా ఏ పిల్ల ఏ గౌనులో వచ్చిందో, ఎవరి చెయ్యి పట్టుకుని వచ్చిందో, ఎవరికెప్పుడు ఆటలమ్మ పోసిందో అన్నీ నోటనే వుండేవి. "నువ్వొచ్చిన్నాడు ఒకటే వాన. చేతిలో కొరికిన జాంకాయ. అడిగితే ఇయ్యలా. దాంతోనే నిద్దరపోయావు" అని నాతో చెప్పేది. ఆ మాట ఎన్నిసార్లు చెప్పించుకున్నానో!

మీ ఇళ్ళలో అమ్మమ్మలూ బామ్మలూ చెప్పేవి ఇటువంటి కబుర్లే. మన పసితనం మనకు జ్ఞాపకముండదు. మరొకరు దాచి మన చేతికివ్వాలి. వయసు మళ్ళి ఆయా ఆశ్రమం విడిచి వెళ్ళిననాడు నలభైమంది బాల్యాలూ ఆమెతోనే వెళ్ళిపోయాయి. ఎవరూ రాసి పెట్టలేదు.

ఈ సంగతి గ్రహించిన పెద్దలు లేకపోలేదు. హెర్మన్ గ్మైనర్ అనే ఆయన 1949లో ఆస్ట్రియాలోని ఇమ్‌స్ట్‌లో నెలకొల్పిన బాలగ్రామంలో పెద్ద హాలుకు బదులు చిన్న ఇళ్ళు, ఇంటికొక అమ్మ. మన దేశంలో అటువంటిది 1964లో ఫరీదాబాదులో మొదలయింది. పేరూ, కుటుంబ సంబంధాలూ నిలుపుకోవడం బిడ్డ హక్కేనని ఐక్యరాజ్యసమితి 1989 నాటి ఒడంబడికలో రాసింది. 1992లో మన దేశం దానికి ఒప్పుకుంది. 2015లో వచ్చిన బాలన్యాయ చట్టం ఇంకా ముందుకు వెళ్ళింది. వేరే దారి లేనప్పుడే పిల్లలను ఆశ్రమంలో చేర్చాలనీ, ఒక్కొక్కరికీ విడిగా సంరక్షణ ప్రణాళిక రాయాలనీ, 18 ఏళ్ళు నిండి బయటికి వెళ్ళేవారికి 21 దాకా ఆసరా ఇవ్వవచ్చుననీ చెప్పింది. 1998లో నేను బయటికి వచ్చేటప్పుడు నా వెంట వున్నవి రేకుపెట్టె, రెండు జతల బట్టలు, సర్టిఫికెట్లు.

పెళ్ళితో నాకూ ఒక ఇంటిపేరు వచ్చింది. శుభలేఖలో కన్యాదాతల చోట మేట్రనమ్మగారి పేరు అచ్చువేయించాము. ఆవిడ ఆ శుభలేఖను కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదువుకున్నారు.

పాఠకులలో పుట్టినరోజులకు అనాథాశ్రమాలకు వెళ్ళేవారు చాలామంది వుంటారు. మానవద్దు, తప్పక వెళ్ళండి. అయితే మిఠాయి పొట్లంతోపాటు పిల్లకొకటి చొప్పున గట్టి అట్ట నోటుపుస్తకాలు కూడా ఇచ్చి రండి. పిల్ల వచ్చిన రోజు, వెంట తెచ్చుకున్నది, మొదట అన్న మాట, వూడిన పన్ను, నేర్చిన పాట, ఏడాదికొక ఫొటో అందులో చేర్చమని అక్కడివారిని అడగండి. పెద్దదై వెళ్ళేనాడు ఆ పుస్తకం ఆ పిల్ల చేతికి అందాలి. లడ్డూలకయ్యే ఖర్చులో అది ఎన్నోవంతు?